నాన్నంటే పడని బండి

ఎక్సలేటరు తొక్కితే మా బండి ఆలోచనలో పడుతుంది. వెళ్ళాలా వద్దా, వెళ్తే ఎంత వెళ్ళాలి, అసలు ఈ పూటకి వెళ్ళడం అవసరమా అని మీనమేషాలు లెక్కపెట్టుకుని, ఆ తర్వాత ఒక్క ఉదుటున ముందుకి దూకుతుంది. ఆ ఆగడానికీ ఈ దూకడానికీ మధ్య ఉండేది ఒక్క క్షణమే. కానీ నా వెనక తొట్టిలో ఉండేవి అద్దాలు. వాటికి ఆ క్షణం చాలు.

నేను అద్దాల షాపుకి సరుకు తోలుతాను. బాత్రూము అద్దాలు, బీరువా అద్దాలు, మంగలి షాపుల్లో గోడ నిండా పట్టే అద్దాలు. తొట్టిలో ఏటవాలుగా చెక్క ఫ్రేము బిగించి, దానికి వాటిని ఆనించి నిలబెట్టి, మధ్యలో పాత దుప్పట్లు కుక్కి, పట్టీలతో కడతాను. ఆఖరి అద్దం మొహం వెనక్కి ఉంటుంది. అందుకని నా వెనక వచ్చేవాళ్ళంతా తమ మొహాలు తాము చూసుకుంటూ వస్తారు. సిగ్నలు దగ్గర దువ్వెన తీసి తల దువ్వుకున్నవాళ్ళున్నారు. ఒకాయనైతే తన కారే తన మీదికి వస్తోందనుకుని బెదిరి, పక్కనున్న పూలకుండీల మీదికి ఎక్కించాడు. దానికీ నన్నే తిట్టాడు.

బండి పాతది. నా దగ్గరికి వచ్చేలోపే ఎన్ని చేతులు మారిందో దానికే తెలియాలి. తలుపు పడాలంటే కాస్త పైకెత్తి వెయ్యాలి. హారను కొడితే వైపర్లు ఒకసారి ఊగి ఊరుకుంటాయి. పికప్ బండికి పికప్ లేదేమిటని దారిన పోయేవాడు కూడా నవ్వుతాడు. నేను వీటన్నిటికీ అలవాటు పడ్డాను. మనుషులతో సర్దుకుపోవడం లేదూ, ఇదీ అంతే.

నా పక్క సీట్లో మా నాన్న కూర్చుంటాడు. ఆయన జీవితమంతా సిటీ బస్సు నడిపాడు. కళ్ళు మసకబారాయని లైసెన్సు తీసేసుకున్నాక కొన్ని నెలలపాటు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడలో ఏముందని అమ్మ అడిగితే, "ఏమీ లేదు. కానీ అదొక్కటే నా మీదికి రావడం లేదు" అన్నాడు. మసక కళ్ళకి ఎదురొచ్చేవన్నీ మీదికొస్తున్నట్టే ఉంటాయట. ఒకరోజు నేను, "నాన్నా, అద్దాలు దింపేటప్పుడు ఓ చెయ్యి వెయ్యడానికి మనిషి దొరకడం లేదు, నువ్వు రా" అని అబద్ధమాడి బండెక్కించాను. మర్నాడు ఆయన గడ్డం గీసుకున్నాడు. ఆ పై రోజు పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఆ తర్వాత రోజూ నాకంటే ముందే వెళ్ళి సీట్లో కూర్చుని, నేను ఆలస్యం చేశానన్నట్టు చూసేవాడు. ఆ సీటు పోతే మళ్ళీ ఆ గోడే. ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

అమ్మకి మాత్రం ఆయన కుడికాలి బూటు మీద కోపం. "రోజంతా కూర్చునే మనిషికి బూటు ఎలా అరుగుతుందే? అరిగితే రెండూ అరగాలి. ఒక్క కుడిదే, అదీ వేళ్ళ దగ్గరే. చెప్పులు కుట్టేవాడికి మొహం చూపించలేకపోతున్నా" అని నెలకోసారి సణిగేది. నేను విని ఊరుకునేదాన్ని.

మా ఇంట్లో ఇంకో నియమం ఉంది. స్టీరింగు పట్టుకున్నవాళ్ళతో మాట్లాడకూడదు. బస్సులో నాన్న తల వెనక ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. దాన్ని ఆయన ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. నాకు సైకిలు నేర్పేటప్పుడు పక్కనే పరిగెత్తాడు గానీ నోరు తెరవలేదు. మురిక్కాలవ వస్తోందని కూడా చెప్పలేదు. నేను అందులో పడి, హ్యాండిలు వదిలేశాక, అప్పుడు చెప్పాడు. కాబట్టి బండిలో మేమిద్దరం నోళ్ళు కుట్టేసుకుని కూర్చుంటాం. నా చూపు రోడ్డు మీద ఉంటుంది, ఆయన చూపు ఎక్కడుంటుందో నేను చూడను.

మూడో అద్దం పగిలిన రోజు షాపు ఓనరు నన్ను లోపలికి పిలిచాడు. ఆయన ఎవరితో మాట్లాడినా ఎదురుగా ఉన్న అద్దంలో తననే చూసుకుంటూ మాట్లాడతాడు.

"డాన్సు స్కూలు ఆర్డరొచ్చింది. నాలుగు గోడలకీ అద్దాలే. ఇంకొక్కటి పగిలిందంటే నేను వేరే బండి చూసుకుంటాను. ఏమీ అనుకోకు" అని తన ప్రతిబింబానికి కచ్చితంగా చెప్పేశాడు. ప్రతిబింబం తలూపింది. ఇక నేను ఊపేదేముంది.

సరాసరి మెకానిక్కు దగ్గరికి వెళ్ళాను. అందరూ ఆయన్ని డాక్టరంటారు. ఇంజను చప్పుడు వినడానికి మెడలో నిజం స్టెతస్కోపు వేసుకుంటాడు. కళ్ళారా చూడని జబ్బుకి మందు వెయ్యడు, అది ఆయన పట్టుదల. బానెట్టు ఎత్తి, స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని అడగడం మొదలుపెట్టాడు.

"ఎప్పట్నించి ఇలా నసుగుతోంది?"

"కొన్నాళ్ళుగా."

"ఎత్తు ఎక్కేటప్పుడు ఆయాసం ఎక్కువవుతోందా?"

"అవుతోంది."

"రాత్రుళ్ళు నిద్ర పడుతోందా?"

"బండికా అన్నా?"

"నీకు, చెల్లెమ్మా."

పట్టడం లేదని చెప్పాను. ఆయన తలపంకించి గాలి ఫిల్టరు మార్చాడు. తనే నడిపి చూశాడు. బండి వెన్నలో కత్తిలా సాగింది. ఇంటికెళ్ళి నాన్నని ఎక్కించుకుని బయల్దేరాను, మొదటి మలుపులోనే నీళ్ళు నమిలింది. మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. ప్లగ్గులు మార్చాడు, నడిపాడు, బ్రహ్మాండంగా ఉంది. మళ్ళీ ఇంటికి, మళ్ళీ మలుపు, మళ్ళీ ఆలోచన. పెట్రోలు ఫిల్టరు మార్చాడు. గాలి వెళ్ళే గొట్టాలన్నీ ఊడదీసి కడిగాడు. షెడ్డులో ఉన్నంతసేపూ బండి బుద్ధిమంతురాలే. ఇంట్లో అల్లరి చేసి బళ్ళో చేతులు కట్టుకునే పిల్లలుంటారే, ఆ రకం.

"నాకు చూపించు. చూపిస్తే వదలను" అన్నాడు డాక్టరు విసుగెత్తి. "ఎలా ఉంటే వస్తుందో అలాగే పట్టుకురా. అద్దాలతో సహా, మనుషులతో సహా."

అలాగే తీసుకెళ్ళాను. ఆయన స్టీరింగు దగ్గర కూర్చున్నాడు, పక్కన నాన్న, వెనక తొట్టిలో అద్దాల పక్కన నేను. ఎక్సలేటరు తొక్కగానే బండి ఆగి ఆలోచించి దూకింది. డాక్టరు మొహం వెలిగిపోయింది. జబ్బు కనిపించినందుకు అంత సంతోషించిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.

"ఒక్కొక్కటీ తీసేస్తూ పోదాం. ఏది తీస్తే పోతుందో అదే దొంగ" అన్నాడు.

అద్దాలు దింపాం. అయినా నసిగింది. నన్ను దింపారు. అయినా నసిగింది. స్టెప్నీ చక్రం తీశాం, పనిముట్ల పెట్టె తీశాం, డ్యాష్‌బోర్డు మీద తల ఊపే కుక్కబొమ్మని కూడా తీశాం. నసుగుతూనే ఉంది. చివరికి నాన్నని దింపారు. బండి వెన్నలా వెళ్ళిపోయింది.

"బరువు అయ్యుంటుంది" అన్నాను.

డాక్టరు నాన్నని కాటా మీద నిలబెట్టాడు. ఆయనంత బరువున్న ఇసుక మూట కట్టి సీట్లో కూర్చోబెట్టాడు, బెల్టు కూడా పెట్టాడు. బండి హాయిగా వెళ్ళింది. మూట ఎత్తు చాల్లేదేమోనని దాని మీద ఇంకో చిన్న మూట పెట్టాడు. హాయిగానే వెళ్ళింది. నాన్న తలమీది టోపీ తీసి చిన్న మూటకి పెట్టాడు. అప్పుడూ హాయిగానే వెళ్ళింది. షెడ్డు చుట్టూ టోపీ పెట్టుకుని తిరుగుతున్న మూటని నాన్న ఒక స్టూలు మీద కూర్చుని బోడితలతో చూశాడు. ఆయన మొహం చూడలేక నేను చక్రాల కేసి చూశాను.

మళ్ళీ నాన్నని ఎక్కించారు. మళ్ళీ నసిగింది.

డాక్టరు దిగి చేతులు తుడుచుకుని, నన్ను పక్కకి పిలిచి, లోగొంతుకతో చెప్పాడు. "చెల్లెమ్మా, దాచేదేం లేదు. మీ నాన్నగారంటే దీనికి పడదు."

"బండికి పడకపోవడమేమిటన్నా?"

"ఎందుకో నేను చెప్పలేను. ఏమిటో చెప్పగలను. నువ్వూ చూశావుగా."

చూశాను. అదే కదా బాధ. కాదని చెప్పడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, తిరిగి తిరిగి అంతా మా నాన్న మీద పడింది.

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. మాట్లాడింది నేనూ అమ్మా. నాన్న విన్నాడు, విని, "అద్దాలు పగలకూడదు. నేను ఇంట్లో ఉంటాను" అన్నాడు. అంతే. ఖాకీ చొక్కా మడిచి పెట్టెలో పెట్టేశాడు.

ఆయన లేకుండా బండి ఎంత బాగా నడిచిందో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఒక్క అద్దం చిట్లలేదు. షాపు ఓనరు తన ప్రతిబింబంతో నన్ను మెచ్చుకున్నాడు. నేను మాత్రం సిగ్నలు దగ్గర ఆగినప్పుడల్లా పక్క సీటు చూసి మొహం తిప్పుకునేదాన్ని. సాయంత్రం ఇంటికెళ్తే నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. గడ్డం మాసింది. వెనక్కి తిరగకుండానే అడిగేవాడు.

"బండి ఎత్తుకుందా?"

"ఎత్తుకుంది నాన్నా."

"మంచిది."

ఆ 'మంచిది' వినలేకపోయాను. రెండు మూడు సాయంత్రాలు విన్నాక డాక్టరు దగ్గరికి వెళ్ళి, "పడకపోతే పడేలా చెయ్యి అన్నా. దీనికి మందు లేదా?" అని పోట్లాడాను. ఆయన చాలాసేపు బుగ్గ గోక్కున్నాడు.

"రాజీ కుదుర్చుదాం. పెద్దాయన్ని ఒకసారి క్షమాపణ అడగమను."

"బండినా?"

"మరి జబ్బు ఎవరికి?"

నాకు బుద్ధి లేదనుకోండి, ఒప్పుకున్నాను. గోడకి అప్పజెప్పడంకన్నా బండికి క్షమాపణ చెప్పించడం నయం. ఆశ్చర్యమేమిటంటే నాన్న కూడా ఒప్పుకున్నాడు. సీటు కోసం ఆయన ఏ గడ్డి కరవమన్నా కరిచేలా ఉన్నాడు.

బండి మా గేటు లోపల ఉంది. డాక్టరు మధ్యవర్తిగా వచ్చి, బానెట్టు మీద స్టెతస్కోపు ఆనించి నిలబడ్డాడు. నాన్న గడ్డం గీసుకుని, ఖాకీ చొక్కా వేసుకుని, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అమ్మ చేతిలో చీపురుతో గుమ్మంలో నిలబడింది.

"చూడమ్మా," అన్నాడు నాన్న హెడ్‌లైట్ల మధ్యకి చూస్తూ. "నేను నిన్ను చిన్నచూపు చూడలేదు. ఒక్కసారి, ఆ పెద్ద వానలో నువ్వు ఆగిపోయినప్పుడు, డొక్కుదానా అనుకున్నాను. అది కూడా మనసులోనే. నీకెలా వినిపించిందో నాకు తెలీదు. తప్పైంది. నన్ను కూర్చోనివ్వు."

"విన్నది" అన్నాడు డాక్టరు స్టెతస్కోపు తీస్తూ.

అమ్మ చీపురు గోడకి ఆనించింది. "పెళ్ళైన దగ్గర్నించీ తప్పైందన్న మాట ఈ మనిషి నోట నేను వినలేదు. నేను కూడా మధ్యమధ్యలో ఆగి దూకాల్సింది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రోజు నేను చేర్చాల్సింది ఒకే ఒక్క చిన్న అద్దం, ఒక మంగలి షాపుకి. తొట్టిలో వెయ్యడమెందుకని దాన్ని ముందే పెట్టాను. నాన్న కాళ్ళ పక్కన, తలుపుకి ఆనించి. ఆయన ఎక్కి బెల్టు పెట్టుకున్నాడు. నేను స్టార్టు చేశాను. గేటు దాటుతూ ఎక్సలేటరు తొక్కాను.

బండి ఆగి, ఆలోచించి, దూకింది.

"కోపం బాగా లోపలికి దిగింది చెల్లెమ్మా" అని వెనకనించి డాక్టరు కేకేశాడు. నాకు ఒళ్ళు మండి, ఆగకుండా రోడ్డెక్కేశాను.

నాన్న ఏమీ అనలేదు. నేను స్టీరింగు పట్టుకుని ఉన్నాను కదా. రోడ్డు మీద ఎండ పడి ఆ చిన్న అద్దం మెరిస్తే చూపు అటు పోయింది. మా ఇద్దరి మధ్యా పనిముట్ల పెట్టె అడ్డం ఉండబట్టి ఆయన కాళ్ళు నాకెప్పుడూ కనిపించవు. ఇప్పుడు అద్దంలో కనిపించాయి. నేను ఎక్సలేటరు తొక్కాను. అద్దంలో కుడి బూటు ముందుకి జరిగి, ఎదురుగా ఉన్న ఏటవాలు రేకుని వేళ్ళతో అదిమింది. బండి నసిగింది. నేను కాలు తీశాను. బూటు వెనక్కి వచ్చింది.

నమ్మబుద్ధి కాలేదు. మెల్లగా తొక్కాను, ఆయన మెల్లగా అదిమాడు. బండి కొంచెమే నసిగింది. గట్టిగా తొక్కాను. ఆయన మోకాలు బిగుసుకుంది, బూటు రేకులోకి దిగబడిపోయింది, బండి ఊపిరి పోయినట్టై మళ్ళీ దూకింది. ఆయన మాత్రం కిటికీలోంచి చూస్తున్నాడు, కాలు సంగతి ఆయనకేమీ తెలియనట్టే.

ముందు నాకు కోపమొచ్చింది. ఇన్నేళ్ళుగా తోలుతున్నాను, బండికి ఒక్క గీత పడనివ్వలేదు, నా పక్కన కూర్చుని బ్రేకు తొక్కుతాడా అని. తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా నాన్నకి భయం. ఆ మసకలో ఎదురొచ్చే ప్రతి లారీ ఆయన మీదికే వస్తోంది. మెల్లగా పోనివ్వమ్మా అని చెప్పడానికి నోరు లేదు, దాన్ని తనే కుట్టేసుకున్నాడు. భయమంతా దిగి దిగి కుడికాలిలో చేరింది. అమ్మ నెలనెలా చెబుతూనే ఉంది. బూటు అరుగుతోందని.

అద్దం చేర్చేసి, నాన్నని ఇంట్లో దింపి, ఒక్కదాన్నీ షెడ్డుకి వెళ్ళాను. పక్క సీటు ముందు పరిచిన మ్యాటు ఎత్తమన్నాను. దాని కింద రేకు తుప్పు పట్టి, బూటు ముక్కంత మేర సొట్టపడి ఉంది. ఆ సొట్ట వెనకగా ఒక వైరు. ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోసే చిన్న మోటారు ఒకటుంటుంది, దాని వైరు. పాత యజమానుల్లో ఎవరో దాన్ని అడ్డదారిన అక్కడినించి లాగి, మధ్యలో అతుకేసి, టేపు చుట్టి వదిలేశాడు. రేకు నొక్కితే అతుకు విడిపోతుంది, వదిలితే కలుస్తుంది. విడిపోయినప్పుడల్లా ఇంజనుకి పెట్రోలు అందదు.

డాక్టరు ఆ అతుకుని రెండు వేళ్ళతో పట్టుకుని దిగులుగా చూశాడు. "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. అయితే పడకపోవడం కాదన్నమాట."

"కాదన్నా. మూటకి కాళ్ళు లేవు, అదీ సంగతి."

"నేనెంత ఆలోచించాననుకున్నావు. టోపీ కూడా పెట్టి చూశాను" అన్నాడు. ఆయన్ని ఓదార్చడానికి టీ తెప్పించాల్సి వచ్చింది.

వైరు తీసి వేరే దారిన వేసి, రేకుకి మాసిక వేశాడు. ఇంట్లో నేను ఏమీ చెప్పలేదు. భయపడుతున్నావని తండ్రికి ఏ నోటితో చెప్పను. మర్నాడు నాన్నని ఎక్కించుకుని గేటు దాటాను. బండి జారిపోయినట్టు వెళ్ళింది. "ఆలస్యంగానైనా మనసు కరిగింది దానికి. నాకే ఇంకా కరగలేదు" అంది గుమ్మంలోంచి అమ్మ.

అంతా బాగుపడిందనుకున్నాను. ఆ రోజంతా అద్దాలు తోలాం, ఒక్కటి చిట్లలేదు. సాయంత్రం ఇంటి ముందు ఇంజను ఆపాను. నాన్న దిగలేదు. మొహం పాలిపోయి ఉంది. తలుపు పిడిని పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"బ్రేకు పట్టడం లేదు" అన్నాడు.

"పట్టింది కదా నాన్నా, ఇప్పుడేగా ఆపాను."

"నీది కాదు. నాది."

ఆయన తన బూటు కేసి చూసుకున్నాడు.

"ఇన్నాళ్ళూ కాలు పెడితే ఏదో ఆనేది, ఏదో పట్టుకునేది. నేను తొక్కుతున్నానని నాకే తెలీదు. ఇవాళ ఎంత తొక్కినా ఏమీ కాకపోయేసరికి తెలిసింది. అద్దాలు పగలగొట్టింది నేనే అమ్మాయ్."

"నీ కాలి కింద ఉన్న వైరు వల్ల నాన్నా. అతుకేసినవాడిది తప్పు."

"తప్పెవరిదైతేనేం. నేనున్నా లేకపోయినా ఈ బండికి ఒకటే అయిపోయింది. ఊరికే కూర్చునేవాడికి సీటెందుకు, ఆ మూటనే పెట్టుకో. దానికి భయం కూడా ఉండదు." బెల్టు తీసి దిగి, తలుపుని పైకెత్తి జాగ్రత్తగా వేసి, లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగాడు.

నేను బండి దిగలేదు. వెనక్కి తిప్పుకుని తిన్నగా షెడ్డుకి వెళ్ళాను.

"అన్నా, మా నాన్నకి బ్రేకు పెట్టు."

డాక్టరు స్టెతస్కోపు సర్దుకున్నాడు. "చక్రాలకి కలపాలా?"

"వద్దు. నాకు కలుపు."

ఆయన పాత సామాన్ల గుట్టలో తవ్వి, ఎప్పుడో విప్పేసిన బస్సుది, వెడల్పాటి బ్రేకు పెడలు తీశాడు. దాన్ని పక్క సీటు ముందు గట్టి స్ప్రింగుతో బిగించాడు. అక్కణ్ణించి ఒక వైరు లాగి, నా ఎదురుగా స్పీడు చూపించే ముల్లు పక్కన చిన్న ఎర్ర లైటు పెట్టాడు. పెడలు తొక్కితే లైటు వెలుగుతుంది. అంతకుమించి ఏమీ కాదు.

పొద్దున్నే నాన్నని లేపి తీసుకొచ్చి చూపించాను. "నువ్వు తొక్కితే నాకిక్కడ వెలుగుతుంది. వెలిగితే నేను తగ్గిస్తాను. ఇది నా మాట."

"స్టీరింగు పట్టుకున్నవాళ్ళతో..." అని నసిగాడు. అచ్చం ఒకప్పటి బండిలాగే.

"నువ్వు మాట్లాడ్డం లేదుగా నాన్నా. తొక్కుతున్నావు."

ఆయన ఎక్కి కూర్చున్నాడు. కాలు పెట్టి ఒకసారి తొక్కాడు, వదిలాడు, మళ్ళీ తొక్కాడు. నా వైపు లైటు వెలిగి ఆరింది. నొసలు ముడిచి కాసేపు ఆలోచించాడు.

"పెడలు వదులుగా ఉంది. కాస్త బిగించమను" అన్నాడు. ఆ గొంతు నేను చాలా రోజులుగా వినలేదు. బస్సు నడిపే రోజుల్లో డిపో వాళ్ళతో మాట్లాడే గొంతు అది.

మొదట్లో ఆ లైటు ఆరిందే తక్కువ. ఎదురుగా కుక్క వస్తే వెలిగేది, గేదె వస్తే వెలిగేది, మేఘం నీడ రోడ్డుకి అడ్డం పడినా వెలిగేది. నాకు చిర్రెత్తుకొచ్చేది, అయినా మాట ఇచ్చాను కాబట్టి ప్రతిసారీ తగ్గించాను. తగ్గించినప్పుడల్లా ఆయన నన్నొకసారి చూసేవాడు. కొన్నాళ్ళకి కుక్కకి వెలగడం మానేసింది. తర్వాత మేఘాలకి. లారీలకి మాత్రం వెలిగేది, వాటికి నేనూ తగ్గించాల్సిందే. "నాకూ ఇంట్లో అలాంటిదొకటి పెట్టించవే, నేను తొక్కితే ఈయన దగ్గర వెలగాలి" అంది అమ్మ. నాన్న నవ్వాడు. ఇంట్లో ఆయన నవ్వు విని చాలా కాలమైంది.

డాన్సు స్కూలు అద్దాలు తోలే రోజు వచ్చింది. మనిషికన్నా ఎత్తు అద్దాలు, తొట్టి నిండా. పెద్ద కూడలి దాకా ఊపిరి బిగబట్టి నడిపాను. అక్కడ మలుపులో అడ్డంగా ఒక లారీ దూసుకొచ్చింది. నేను లైటు కేసి చూశాను. వెలగలేదు. నేనే తగ్గించాను, లారీ పోయింది. సిగ్నలు దగ్గర ఆగాను. అప్పటికీ వెలగలేదు. పక్కకి తిరిగాను.

నాన్న నిద్రపోతున్నాడు. టోపీ ముక్కు మీదికి జారింది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. బూట్లు రెండూ విప్పేసి పక్కన పెట్టుకున్నాడు, కుడికాలు పెడలుకి దూరంగా, మ్యాటు మీద వాలి ఉంది. ఇంకొకళ్ళు నడిపే బండిలో మా నాన్న కన్ను మూయడం నేను పుట్టాక చూడలేదు.

సిగ్నలు పచ్చబడింది. ఎక్సలేటరు మీద కాలు పెట్టాను. తొక్కాలా వద్దా, తొక్కితే ఎంత తొక్కాలి, ఆ కుదుపుకి లేస్తాడేమో, అసలు ఇప్పుడే వెళ్ళడం అవసరమా. వెనక హారన్లు మొదలయ్యాయి. కొట్టుకోనివ్వండి. వాళ్ళ ఎదురుగా అంతంత అద్దాలున్నాయి, కాసేపు తమ మొహాలు తాము చూసుకుంటూ ఉంటారు.